నిండు బోటు పరుగు

రేవులో అందరికీ ఆమె కాటా వదినే. పద్దెనిమిదేళ్ళుగా గట్టు మీద ఇనుప కాటా పక్కన నిలబడి, బోట్ల నుంచి దిగే చేపల పెట్టెలన్నీ తూచేది ఆమే. పెట్టెను చూసి ముందుగా తనే బరువు చెప్పేస్తుంది. ఆ తర్వాత కాటా ముల్లు ఆమెకి సాక్ష్యం చెప్పడానికి వచ్చినట్టు సరిగ్గా అక్కడే ఆగుతుంది. అంతటి మనిషికి కూడా ఇంజన్ల విషయంలో నోరెత్తే హక్కు లేదు. ఆ హక్కు మొత్తం ఆమె అన్నయ్యది. రేవు చివర రేకుల షెడ్డులో ఉండే ఇంజను మేస్త్రీ ఆయనే మరి.

ఆ పొద్దున వదిన భర్త, అంటే పచ్చ బోటును నడిపే సరంగు, వేట నుంచి తిరిగొచ్చేసరికి రేవు ఆఫీసరమ్మ చేతిలో గడియారంతో తెల్ల స్తంభం దగ్గర నిలబడి ఉంది. పోయిన వానాకాలం రెండు బోట్లు నిండు సరుకుతో వస్తూ, సముద్రంలోంచి పాయలోకి మలుపు తిరిగే మొగ దగ్గర వేగం చాలక, అలల తోపుకి ఇసుకదిబ్బకి తగిలి బోర్లా పడ్డాయి. మనుషులు బతికి బయటపడ్డారు, అదే పదివేలు. అప్పటినుంచి కొత్త నియమం వచ్చింది. సముద్రంలో గుర్తుగా తేలే ఎర్ర బోయా దగ్గర్నుంచి మొగ దాటి తెల్ల స్తంభం దాకా, సరుకుతో, తొమ్మిది నిమిషాల్లో రావాలి. రాలేని బోటు పేరు లోపలి జాబితాలోకి పోతుంది. ఇక దానికి సముద్రం లేదు, పాయలో పీతలు పట్టుకుని బతకాల్సిందే.

"పన్నెండు నిమిషాల పది సెకన్లు," అంది ఆఫీసరమ్మ. ఆవిడ మాటల్లో కోపమూ ఉండదు, జాలీ ఉండదు. "పది రోజుల్లో ఇంకొక్కసారి చూస్తా. ఖాళీ బోటుతో వచ్చి గెలిచామంటే ఒప్పుకోను. పెట్టెలు నిండి ఉండాలి."

సరంగు తల ఊపి ఇంటికి వెళ్ళిపోయాడు. పద్నాలుగో ఏట సముద్రం మీదకి వెళ్ళినవాడు, ఇప్పుడు నలభై ఆరు. అన్నం ముందు కూర్చుని కెలికాడే తప్ప తినలేదు. తర్వాత చిరగని వల ఒకటి ఒళ్ళో వేసుకుని కుట్టడం మొదలుపెట్టాడు. వదిన కంచం తీసి ఎదురుగా కూర్చుంది.

"పాయలో పీతలు పట్టడానికి సరంగు ఎందుకే? గంప పట్టుకుని ఎవరైనా దిగొచ్చు," అన్నాడు చివరికి.

"ఇంకా పది రోజులున్నాయి కదండీ."

"పది రోజుల్లో నేను కొత్త మనిషినవుతానా, బోటు కొత్త బోటవుతుందా?"

సరిగ్గా అప్పుడే మేస్త్రీ వచ్చాడు. చెప్పులు విడుస్తూనే తీర్పు చెప్పేశాడు. "ఇంజనులో దోషం లేదు బావగారూ. మొన్న నేనే నడిపి చూశా. ఇంజను చుట్లు చూపించే ముల్లు నిమిషానికి ఐదువేల నాలుగొందలు తాకింది, బోటు ఎగిరింది. మీరేమో దాన్ని ఎడ్లబండిలా తోలుకొస్తున్నారు. చేతిలో ఉంటుంది అదంతా. ఆడలేక మద్దెల ఓడంటే ఎలా?"

సరంగు వల పక్కన పెట్టి, చొక్కా వేసుకుని, బయటికి నడిచాడు. ముప్పై రెండేళ్ళ చేతిని ఒక్క మాటతో కొట్టిపారేస్తే ఏ మగాడు కూర్చుంటాడు?

"అన్నయ్యా, ఆ మాట అవసరమా?" అంది వదిన.

"ఉన్న మాటంటే ఉలుకెందుకు?" అన్నాడు మేస్త్రీ. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం ఆయన. ఇంజను విని జబ్బు చెప్పగలడు, అందులో అనుమానం లేదు. ఆ చెవి మీద ఉన్న నమ్మకంతో మనుషుల మాట వినడం మానేశాడు, అదే చిక్కు.

మర్నాడు వదిన కాటా దగ్గర నిలబడింది గానీ మనసు అక్కడ లేదు. హమాలీలు వస్తూ పోతూ ఉన్నారు. ఖాళీ పెట్టెలు పట్టుకుని బోటు వైపు వెళ్ళేటప్పుడు ఒక్కో అంగకి మూడడుగులు దాటేస్తున్నారు. నిండు పెట్టె భుజాన వేసుకుని వచ్చేటప్పుడు చిన్న చిన్న అడుగులు, గబగబా. పద్దెనిమిదేళ్ళుగా చూస్తున్నదే. ఆ రోజు మాత్రం ఆమె చూపు అక్కడే అతుక్కుపోయింది.

"ఇదిగో, ఒక్కసారి నిండు పెట్టెతో పెద్ద అంగలు వెయ్యి," అని ఒక హమాలీని ఆపింది.

"నడుం విరుగుతుంది వదినా! ఊపిరాడదు, ముందుకీ పోను," అన్నాడతను.

ఊపిరాడదు, ముందుకీ పోదు. పచ్చ బోటు నిండుగా వచ్చేటప్పుడు చేసేది అదే కదా! ఇంజను గొంతు మాత్రం మొగ అవతలికి వినిపిస్తుంది, బోటు కదలదు. మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు. వదిన కాటాని పక్క ఆమెకి అప్పగించి, తిన్నగా అన్నయ్య షెడ్డుకి నడిచింది.

షెడ్డు తలుపు పక్కన గోడకి ఒక పంకా తగిలించి ఉంటుంది. బోటును తోసే మూడు రెక్కల పంకా. దాని రెక్కకి మేస్త్రీ చొక్కా వేలాడుతుంటుంది.

"అన్నయ్యా, మా బోటుకున్న పంకా ఒక చుట్టుకి ఎంత ముందుకి పోతుంది?"

మేస్త్రీ వింతగా చూశాడు. "పిచ్ అడుగుతున్నావా? పదిహేను. మర మేకు చెక్కలో తిప్పితే ఒక్క చుట్టుకి ఇంత అని దిగుతుంది చూడు, అలా నీళ్ళలో పదిహేను అంగుళాలు పోతుందన్నమాట. నేనే వేశా. పెద్ద అంగ."

"మరి ఇంజనుతో పాటు వచ్చిన పంకా?"

మేస్త్రీ చొక్కా వైపు చూపించాడు. "అదిగో. పదకొండు. బొమ్మ పంకా. మూడేళ్ళుగా నా చొక్కా మోస్తోంది, దానికదే ఎక్కువ."

"నువ్వు పరుగు పెట్టించి చూసేటప్పుడు బోటులో ఎవరుంటారు?"

"నేనే."

"చేపలు?"

"చేపలెందుకే?" అని నవ్వాడు. ఆ నవ్వు వదిన మొహం చూసి సగంలో ఆగింది.

మనలో మాట, ఆ రేవులో పుట్టిన తప్పది. ఇంజను బిగించగానే మేస్త్రీ ఒక్కడే ఖాళీ బోటులో, గాలి లేని పొద్దున, రేవు చుట్టూ ఒక రౌండు వేస్తాడు. గట్టు మీద జనం ఈలలేస్తారు. దాన్ని మేస్త్రీ పరుగు అంటారు. ఆ తర్వాత ఆ బోటు జన్మలో ఖాళీగా పరిగెత్తదు, వలలు, ఐసు, పెట్రోలు డబ్బాలు, నలుగురు మనుషులు, చేపలు మోస్తూనే ఉంటుంది. అయినా ఇన్నేళ్ళలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

వదిన షెడ్డులో టీ బల్ల కిందకి వంగింది. బల్ల పొట్టి కాలు కింద పెట్టిన లావుపాటి పుస్తకం లాగింది. బల్ల ఒరిగి టీ గ్లాసు పడింది. అది ఇంజనుతో వచ్చిన పుస్తకం. కొన్ని పేజీలు అంటుకుపోయాయి, మిగతా వాటిలో అక్షరాలూ బొమ్మలూ బాగానే ఉన్నాయి.

"చూడు. పూర్తి వేగంలో ముల్లు ఐదువేలకీ ఆరువేలకీ మధ్య ఉండాలట, మామూలుగా మోసే బరువుతో. మా ఆయన నిండు బోటులో ఎంత తెస్తున్నారో ఎప్పుడైనా అడిగావా? నాలుగువేల రెండొందలు. రెండో మాట. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే ముల్లు రెండొందలు పెరుగుతుందట. పదిహేను నుంచి పదకొండుకి ఎంత?"

"ఎనిమిదొందలు," అన్నాడు మేస్త్రీ, తనకి తెలియకుండానే.

"అంటే ఐదువేలు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఆ పంకా నీ తలుపు దగ్గరే ఉంది అన్నయ్యా."

మేస్త్రీ మొహం కందగడ్డ అయింది. ఇరవై రెండేళ్ళ అనుభవం అన్నాడు, కాగితం ఇంజను నడపదు అన్నాడు, చేపలు తూచేవాళ్ళు చేపలు తూచుకోవాలి అన్నాడు. వదిన అంతా విని, పంకా మీద నుంచి చొక్కా తీసి ఆయన చేతిలో పెట్టి, పంకా చంకన పెట్టుకుని బయల్దేరింది. మేస్త్రీ పానాల పెట్టె ఎత్తుకుని వెనకే వచ్చాడు. తను లేకుండా ఇంకొకరు ఆ ఇంజను మీద చెయ్యి వేయడం ఆయన ప్రాణం ఓర్వదు.

మొదట బరువు కావాలి. చేపల్ని పరీక్షకి వాడలేరు కనక వదిన ఇసుక సంచులు నింపించింది. చేపలు, ఐసు ఎంతుంటాయో ఆమెకి నోటికొచ్చు: ఆరు వందల నలభై కిలోలు. అన్నీ కాటా మీద తూచి, చేపల పెట్టెలు ఉండే చోటే సర్దించింది. వలలు వెనక్కే వేయించింది, రోజూ ఉండేది అక్కడే కాబట్టి. చివరికి మనుషుల్ని కూడా కాటా ఎక్కమంది.

"చేపల కాటా మీద మనుషులేంటి వదినా? రేపు మమ్మల్నీ ఐసులో పెడతావా?" అన్నాడు బోటులో పనిచేసే నసగాడు. అయినా ఎక్కాడు. యాభై ఎనిమిది కిలోలు.

మేస్త్రీ వంతు వచ్చింది. "డెబ్బై రాసుకో," అని దూరంగా నిలబడ్డాడు.

"ఎక్కు అన్నయ్యా."

ఎక్కి, పక్కనున్న స్తంభాన్ని ఊరికే పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ముల్లు డెబ్బై రెండు చూపించింది. వదిన ఆయన చేతి మీద ఒక్కటి వేసింది. చెయ్యి వదిలాడు, ముల్లు ఎనభై తొమ్మిదికి ఎగిరింది. గట్టంతా నవ్వింది. వల పక్కన ముభావంగా కూర్చున్న సరంగు కూడా నవ్వాడు, మూడు రోజుల్లో మొదటిసారి. మేస్త్రీ చివాల్న దిగి, ఆ కాటా తప్పు అని ప్రకటించాడు.

ముందు బోటుకున్న పదిహేను పంకాతో ఒక పరుగు: నాలుగువేల రెండొందలు. మేస్త్రీ తన చెవులతో విన్నాడు. ఇంజను ఏడుపు విని ఆయన మొహం మారిపోయింది. నిండు బోటులో దాని గొంతు ఆయన ఎప్పుడూ వినలేదు పాపం. ఎవరూ చెప్పకుండానే పానా తీసి పంకా మార్చాడు. పదకొండుతో మళ్ళీ పరుగు: నాలుగువేల తొమ్మిదొందలు. పైకి లేచి నీళ్ళు దున్నే బోటు ముక్కు కొంచెం దిగింది. పిట్ట కొంచెం కూత ఘనం అని నసగాడు చప్పట్లు కొట్టాడు.

వదిన చప్పట్లు కొట్టలేదు. "ఇంకా బరువుగానే పోతోంది. ఏదో ఈడుస్తోంది," అంది.

బోటును ఒడ్డుకి లాగించింది. పంకాకి పైన, బోటు వెనక నీళ్ళలోకి దిగే ఇంజను కాలికి అడ్డంగా పళ్ళెం లాంటి రేకు ఒకటి ఉంటుంది. అది బోటు అడుగుతో సమానంగానో, ఒక అంగుళం పైనో ఉండాలని పుస్తకంలో బొమ్మ వేసి ఉంది. వదిన ఒక తిన్నని చెక్క తీసుకుని బోటు అడుగుకి ఆనించి వెనక్కి జరిపింది. రేకు చెక్కకి మూడు వేళ్ళంత కిందకి ఉంది.

"ఇంత కిందకి ఎవరు దించారు?"

సరంగు ఆకాశం వైపు చూశాడు.

"నేనే," అన్నాడు మేస్త్రీ. "బోటు నెమ్మదిగా వస్తోందన్నప్పుడల్లా ఒక బెజ్జం దించా. లోతుకి పోతే నీళ్ళు బాగా పట్టుకుంటుందని."

"బురదలో కాలు ఎంత దిగితే నడక అంత తేలికా అన్నయ్యా?"

మేస్త్రీ పానా అందుకున్నాడు. ఇంజను బిగించే చట్రానికి వరసగా బెజ్జాలుంటాయి. ఒక్కో బెజ్జం మీదకి ఎత్తుతూ, ప్రతిసారీ అదే బరువుతో, అదే నీటిలో పరుగు పెట్టారు. మొదటి బెజ్జానికి ఐదువేల నూట యాభై. రెండోదానికి ఐదువేల మూడొందలు, బోటు నీళ్ళ మీదకి లేచింది. సరంగు నోటి నుంచి "అబ్బ!" అని వచ్చింది. మూడో బెజ్జానికి ఐదువేల నాలుగొందలు. ఇక మేస్త్రీని పట్టేవాళ్ళు లేరు. నిన్నటిదాకా దించుతూ వచ్చినవాడు ఇప్పుడు ఇంకా ఎత్తమంటున్నాడు.

"నాలుగో బెజ్జం! ఆపకు! ఈ పరుగుకి ఆఫీసరమ్మ గడియారం పగలాలి!"

నాలుగోదానికి ఎత్తారు. తిన్నగా పోయినంతసేపు బోటు బాణమే. "మొగ దగ్గర తిరిగినట్టు తిప్పండి," అని వదిన గట్టు మీద నుంచి అరిచింది. సరంగు చుక్కాని తిప్పాడు. పంకా నీళ్ళు వదిలేసి గాలి పట్టుకుంది. ఇంజను ఒక్కసారిగా కెవ్వుమంది, ముల్లు అంచుకి కొట్టుకుంది, బోటు చతికిలబడింది. అదే మొగలో అయితే పక్కనే ఇసుకదిబ్బ.

"మూడో బెజ్జమే," అంది వదిన.

"తిన్నగా పోతే నాలుగోదే ఎక్కువ వేగం," అని మేస్త్రీ గొణిగాడు.

"మొగ తిన్నగా లేదుగా అన్నయ్యా. దేవుడు దాన్ని వంకరగా చేశాడు, నన్నేం చెయ్యమంటావు?"

మూడో బెజ్జానికే బిగించారు. చల్లబరిచే నీళ్ళు ఇంజను పక్కనుంచి ధారగా పడుతున్నాయో లేదో మేస్త్రీ చెయ్యి పెట్టి చూశాడు. వదిన ఆరు వందల నలభై కిలోల దగ్గర నీళ్ళు ఎంత పైకి వచ్చాయో, పచ్చ రంగు మీద తెల్ల గీత గీసింది.

పదో రోజు పొద్దున తెల్ల స్తంభం దగ్గర ఇసుకేస్తే రాలనంత జనం. వదిన ఆఫీసరమ్మ పక్కనే నిలబడింది. ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి మారుతోంది. ఎర్ర బోయా దగ్గర పచ్చ చుక్క కనిపించింది.

"దుర్బీను ఒక్కసారి ఇస్తారా అమ్మా?"

ఆఫీసరమ్మ ఇచ్చింది. వదిన కళ్ళకి పెట్టుకుని చూసింది. బోయా దగ్గర ఆగి ఉన్న బోటుకి తెల్ల గీత కనిపించడం లేదు. నీళ్ళ కింద ఉంది. పదేళ్ళలో దొరకనన్ని చేపలు ఆ రోజే దొరకాలా! ఆయన ఒక్క చేపని కూడా నీళ్ళలోకి విసిరే మనిషి కాదు.

"ఏమైందే?" అన్నాడు మేస్త్రీ.

"ఎనభై కిలోలు ఎక్కువుంది."

మేస్త్రీ కళ్ళు మూసుకుని చెవి సముద్రం వైపు తిప్పాడు. ఆఫీసరమ్మ జెండా ఊపింది, గడియారం నొక్కింది.

మొదట్లో పచ్చ చుక్క కదిలినట్టే లేదు. ఒక నిమిషం. నసగాడి భార్య దండం పెట్టుకుంటోంది. బోటు ముక్కు పైకెత్తి నీళ్ళని దున్నుతోంది. అప్పుడు ముక్కు మెల్లగా దిగింది. దిగి, తిన్నగా అయి, బోటు నీళ్ళ మీదకి ఎక్కింది.

"ఐదువేల రెండొందలు," అన్నాడు మేస్త్రీ కళ్ళు తెరవకుండానే. "ఏడవట్లేదే! పాడుతోంది చెల్లీ, నీ మీదొట్టు, పాడుతోంది!"

మొగ దగ్గరికి వచ్చేసరికి ఆరు నిమిషాలు. ఎడమ పక్క ఇసుకదిబ్బ మీద నురగ లేస్తోంది. సరంగు వేగం తగ్గించలేదు. నిండు బోటును ఆ వంకరలోకి అలాగే తిప్పాడు. మేస్త్రీ వదిన భుజం గట్టిగా పట్టుకున్నాడు, ఆయన వేళ్ళు ఆమె చర్మంలోకి దిగాయి. ఇంజను కెవ్వుమనలేదు. గొంతు చెదరలేదు. పంకా నీటిని పట్టుకునే ఉంది, బోటు మలుపు దాటి తిన్నగా తెల్ల స్తంభం వైపు దూసుకొచ్చింది. ముప్పై రెండేళ్ళ చెయ్యి ఏమిటో ఆ రోజు రేవంతా చూసింది.

"ఎనిమిది నిమిషాల నలభై సెకన్లు," అంది ఆఫీసరమ్మ. మొదటిసారి ఆవిడ గొంతులో ఏదో కదిలింది. "సముద్రం జాబితా."

గట్టు దద్దరిల్లింది. వదిన అక్కడే ఒక బోర్లించిన పెట్టె మీద కూలబడి ఏడ్చింది, సిగ్గుపడకుండా, కొంగు నోట్లో కుక్కుకోకుండా. సరంగు బోటు కట్టేసి తిన్నగా ఆమె దగ్గరికే వచ్చాడు. తడి చేతుల్తోనే ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఎంతుంటుంది సరుకు?" అన్నాడు. వేరే మాటలు ఆయనకి రావు.

"ఏడు వందల ఇరవై," అంది ఆమె ముక్కు చీదుతూ. తర్వాత తూస్తే ఏడు వందల పద్దెనిమిది వచ్చింది. ఆ రెండు కిలోలూ ఐసు కరిగి పోయాయని ఆమె నేటికీ వాదిస్తుంది.

ఆఫీసరమ్మ పుస్తకం తెరిచింది. "ఇంజను సరిచేసింది ఎవరు? పేరు వేయాలి." అందరి తలలూ మేస్త్రీ వైపు తిరిగాయి. ఆయన మీసం మీదకి చెయ్యి వెళ్ళింది, అలవాటు కొద్దీ. అక్కడే ఆగింది.

"పంకా నా షెడ్డులోదే, మూడేళ్ళు నా చొక్కా మోసింది," అన్నాడు. "బుద్ధి మా చెల్లిది. ఆమె పేరు వేసుకోండి." తర్వాత సరంగు వైపు తిరిగాడు. "బావగారూ, మీ చేతి గురించి అన్న మాట నేను వెనక్కి తీసుకుంటున్నా. అంత బరువుతో ఆ వంకర నేనైతే తిప్పలేను."

సరంగు ఆయన వీపు మీద ఒక్కటి చరిచాడు. బావల మధ్య రాజీ అంతే.

మర్నాడు పొద్దున వదిన కాటా దగ్గరికి వచ్చేసరికి అక్కడ చేపలు లేవు. తమ బోట్లనీ ఇలాగే సరిచేయించుకోవాలని వచ్చిన ఆరు బోట్ల సరంగులు, వాళ్ళ మనుషులు, ఇసుక సంచులు, గోనె పట్టాలు. ఇక మేస్త్రీ పరుగు నిండు బోటుతోనేనట, షెడ్డు తలుపు మీద బొగ్గుతో రాసి ఉంది. జనాన్ని తోసుకుంటూ మేస్త్రీ ముందుకొచ్చి, అందరూ చూస్తుండగా చేతులు కట్టుకుని కాటా ఎక్కాడు. దగ్గర్లోనే ఉన్న స్తంభం వైపు చూడనైనా చూడలేదు.

"ఎనభై తొమ్మిది!" అని తనే అరిచాడు. "రాసుకో చెల్లీ, ముందు నాతో మొదలుపెట్టు."